బొల్లికి లైటు వైద్యం మా దగ్గర్లోనే ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఒక పల్లె. మా గుంటకి పదమూడేళ్లు. రెండేళ్ల కిందట స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోటే తెల్ల మచ్చ పడింది. కొన్ని బొట్టు బిళ్లల జిగురులో ఉండే ఫినాల్ రసాయనాల వల్ల కూడా అలా మొదలవుతుందట. ఈ ఒక్క సంగతి అంగన్‌వాడీల్లో చెప్పినా ఎందరికో మేలు. తర్వాత పెదాల పక్కన, మోకాళ్ల మీద వచ్చాయి. చేపలు తిన్నాక పాలు తాగించావని మా అత్త నన్నే తిట్టింది. బడిలో దాని పక్కన కూర్చోవడం మానేశారు. ఇది అంటదని నేను ఎంతమందికి చెప్పగలను?

డాక్టరమ్మ గారు విడమరిచి చెప్పాకే నాకు అర్థమైంది. ఇది కుష్టు కాదు. ఒంటిని కాపాడాల్సిన టి కణాలే రంగునిచ్చే మెలనోసైట్ కణాలను చంపుతున్నాయి. అవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతాన్ని వదులుతాయి. అది అందుకున్న చర్మ కణాలు సీఎక్స్‌సీఎల్ 10 అనే మరో సంకేతంతో ఇంకొన్ని టి కణాలను అక్కడికే పిలుస్తాయి. మచ్చ పెరిగేది అలాగే. మచ్చ తగ్గాక కూడా కొన్ని టి కణాలు చర్మంలోనే ఉండిపోతాయి. ఇంటర్‌ల్యూకిన్ 15 అనే ఇంకో సంకేతం వాటిని బతికిస్తుంది. వైద్యం ఆపితే చాలామందికి పాతచోటే మళ్లీ తెల్లబడేది ఇందుకే.

మంత్రి గారూ, నా బాధంతా ఇక్కడే. బొల్లికి నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల లైటు వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి పెట్టించుకోవాలి. మేము విశాఖ వెళ్లేవాళ్లం. లైటు కింద ఉండేది కొన్ని నిమిషాలే, కానీ రాకపోకలకు రోజంతా పోయేది. నా కూలీ, దాని బడి రెండూ పోయేవి. రెండు నెలలు తిరిగి ఆపేశాం. నుదుట రంగు చుక్కలు చుక్కలుగా తిరిగొస్తున్నప్పుడే ఆపేశాం.

టెక్కలిలోనో పలాసలోనో సర్కారు ఆసుపత్రిలో ఆ లైటు, వారంలో కొన్ని రోజులైనా చర్మ డాక్టరు ఉండేలా చూడండి. ఆ ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతాన్ని చర్మంలోనే అడ్డుకునే రుక్సోలిటినిబ్ క్రీముకు 2022లో అమెరికాలో బొల్లి కోసం అనుమతి వచ్చింది. పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ వాడొచ్చట. అలాంటి మందులు పేదవాళ్లకు అందే దారి చూపండి. జూన్ 25 ప్రపంచ బొల్లి దినం. ఆ రోజున ప్రతి బడిలో టీచర్ల చేత ‘ఇది అంటదు’ అని చెప్పించండి.

మళ్లీ మొదలుపెడదామని డాక్టరమ్మ గారు అంటున్నారు. టెక్కలి దాకా అయితే వారానికి మూడుసార్లయినా తీసుకెళ్తాను.

ఇట్లు,
ఒక తల్లి