కలెక్టర్ సార్‌కి ఒక తిరుపతి ఆటోవాడి బహిరంగ లేఖ

సార్ నమస్కారం. నాది ఎలక్ట్రిక్ ఆటో, పోయిన మే ఎండకి బ్యాటరీ ఉబ్బిపోయింది, లోపల ఏ రకమో అమ్మినోడు చెప్పలా నేనూ అడగలా (తప్పు నాదే అనుకోండి). తర్వాత తెలిసింది ఏందంటే నికెల్, కోబాల్ట్ ఉండే ఎన్ఎంసీ అనే రకం బ్యాటరీ తక్కువ బరువుకే ఎక్కువ దూరం పోతాది గానీ వేడికి తొందరగా దెబ్బతింటాది, ఐరన్ ఫాస్ఫేట్ రకం, అదే ఎల్ఎఫ్‌పీ, కాస్త బరువే కానీ వేడికి బాగా తట్టుకుంటాది, ఎక్కువ ఏళ్లు కూడా వస్తాది. మన ఎండకి ఏది కావాలో మీరే చెప్పండి! సోడియం బ్యాటరీలు కూడా వస్తా ఉండాయి, చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లోనే చూపించింది, కిలో బరువుకి 160 వాట్ అవర్ల కరెంటు పడతాదంట. షోరూముల్లో రేటు పక్కనే బ్యాటరీ రకం తెలుగులో రాసిపెట్టమని ఒక్క ఆర్డర్ వెయ్యండి సార్, ఈ ఎండాకాలం లోపలే.