మార్చిలో సడలింపు సరే, జూన్‌లో పాఠం మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే పేపర్లలో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అదనపు సమయం ఇస్తారని, రాసిపెట్టడానికి సహాయకుణ్ణి పెట్టుకోవచ్చని, పాస్ మార్కుల్లో సడలింపు ఉంటుందని. మంచిదే, అవన్నీ ఉండాల్సినవే. కానీ హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు ఆ వార్త చదివినప్పుడల్లా ఒకటే అనుమానం. మార్చిలో ఇంత ఉదారంగా ఉండే మనం జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి ఆ పిల్లలకు ఇచ్చిందేమిటి? పాఠం వాళ్లకు అందదని ముందే తీర్మానించేసుకుని, ఆఖర్న మార్కుల దగ్గర సర్దుబాటు చేస్తున్నామేమో!

తరగతి గదిలో జరిగేది చెబుతాను. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం చెప్పేటప్పుడు మాలో చాలామందిమి బోర్డు వైపు తిరిగి, సుద్దముక్కతో చూపిస్తూ, ‘‘ఇది దీనికి సమాంతరం. కాబట్టి ఇది బై ఇది, ఇది బై ఇది సమానం’’ అంటాం. చూపు లేని పిల్లవాడికి అందులో ఒక్క ముక్క దక్కదు. వినికిడి సమస్య ఉన్న అమ్మాయి పెదాల కదలికను బట్టి మాట పోల్చుకుంటుంది. ఆమెకు మా వీపు తప్ప ఏమీ కనిపించదు. అదే పిల్లల వైపు తిరిగి, ‘‘త్రిభుజం ఏబీసీలో బీసీకి సమాంతరంగా గీసిన గీత ఏబీని డీ దగ్గర, ఏసీని ఈ దగ్గర ఖండించింది. ఏడీ బై డీబీ, ఏఈ బై ఈసీ సమానం’’ అని చెబితే పైసా ఖర్చు లేదు. బోర్డు మీద అక్షరాలు ఆనక కళ్లు చికిలించుకునే చివరి బెంచీ వాడికీ అది పనికొస్తుంది. నోట్‌బుక్ అట్ట మీద ట్వైన్ దారాన్ని ఫెవికాల్‌తో అంటిస్తే అదే త్రిభుజాన్ని తడిమి చూడొచ్చు. అలాంటి అట్ట ఒకటి బల్ల మీద పెట్టి చూడండి, చూపు బాగున్న పిల్లలే ముందు లాక్కుంటారు.

మన బడుల్లో ఇప్పటికి తెలిసిన మందు ఒకటే: ‘‘ముందు బెంచీలో కూర్చోబెట్టాం సార్.’’ తనిఖీకి వచ్చినవారు తలూపి వెళ్లిపోతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. అయితే భవిత ఉంది కదా అని మిగతావాళ్లం చేతులు దులుపుకున్నాం. ఆ పిల్లవాడు హాజరు పలికేది మాత్రం మా తరగతిలోనే.

నా అసలు ఫిర్యాదు పాఠ్యపుస్తకం మీద. అచ్చు చదవలేని పిల్లలకు ఇవాళ దారి లేకపోలేదు. ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ తెలుగును చదివి వినిపిస్తాయి. రెండూ ఉచితమే. తీరా పుస్తకం పీడీఎఫ్ తెరిస్తే వాటికి నోరు పెగలదు. మన తెలుగు పుస్తకాల్లో చాలావాటిని పాత డీటీపీ ఫాంట్లలో కూర్చారు. కంటికి ‘త్రిభుజం’ అని కనిపించేది లోపల ఇంగ్లీషు అక్షరాలు, అక్కరకురాని గుర్తులు కలిసిన కలగూరగంప. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే అక్షర సంకేతాల్లో కూర్చిన పుస్తకాన్నయితే చదివించుకుని వినొచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, బ్రెయిలీలోకి మార్చుకోవచ్చు. పత్రికల వెబ్‌సైట్లు ఎప్పుడో యూనికోడ్‌కి మారాయి. సినిమా కబుర్లు గడగడా చదివే ఫోను సైన్సు పాఠం దగ్గర నీళ్లు నమలడం ఏం న్యాయం?

ఇక పేజీకొకసారి ‘పై పటాన్ని పరిశీలించండి’ అని ఉంటుంది. ఆ పటంలో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పే ఆనవాయితీ లేదు. అచ్చు సంగతి చెప్పనే అక్కర్లేదు. వరుసల మధ్య ఎడం లేక వత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటాయి. మ, య మధ్య, ప, వ, ష మధ్య తడబడే పిల్లలకు అది పుస్తకం కాదు, పరీక్ష.

మనకు చేతకాక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా పుస్తకాలు వేశారు. మీడియం గొడవ ఎలా ఉన్నా, ఆ ఏర్పాటు నాకు నచ్చింది. ‘నీకు ఇంగ్లీషు రాదు, ఇదిగో నీ పుస్తకం’ అని ఎవర్నీ విడదీయలేదు. అందరి చేతిలో ఒకటే పుస్తకం, ఎవరికి కావలసిన వైపు వాళ్లు చూసుకుంటారు. చూపు లేనివారి కోసం, వినపడనివారి కోసం కూడా ఇలాగే ముందే ఆలోచించమంటున్నాను. (మన్యం నుంచి వచ్చే సవర పిల్లలకు ఆ ఎదురు పేజీ కూడా పరాయి భాషే. దానికి ఇంకో ఉత్తరం రాయాలి.)

చట్టం లేదా అంటే, ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేవరకు పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటుంది. అచ్చులో ఉన్నదైనా, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదైనా అందరికీ అందేలా ఉండాలని 42వ సెక్షన్ చెబుతుంది. పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చడానికి ఉన్న కాపీరైటు అడ్డంకి 2012 నాటి చట్ట సవరణతోనే తొలగింది. అందుబాటు ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి నిబంధనలు కావాలని 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ కోరేది ఇదే. ఇకమీదట ఏ పుస్తకం వేసినా యూనికోడ్‌లోనే కూర్పించండి, డీటీపీ పని అప్పగించే కాగితంలోనే ఆ షరతు రాయండి. క్యూఆర్ కోడ్ వెనక పెట్టే ప్రతి వీడియోకూ కింద అక్షరాలు వేయించండి. పటాల వర్ణనలు ఎవరు రాస్తారంటారా? చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో టీ తాగి సంతకాలు పెట్టి వచ్చే మేమున్నాం. కాంప్లెక్స్‌కొక అధ్యాయం చొప్పున పంచండి. పదో తరగతి లెక్కల్లో సరూప త్రిభుజాలు మా కాంప్లెక్స్‌కి ఇవ్వండి, వచ్చే సమావేశంలోనే మొదలుపెడతాం.

— ఒక గణిత ఉపాధ్యాయిని, బొబ్బిలి