పాత పుస్తకాల మీది పేర్లు తీసేయకండి

సంపాదకులకు,

గ్రంథాలయాల్లో పాత పుస్తకాలకు కొత్త బైండింగ్ వేయించినప్పుడల్లా పాత అట్టతోపాటు దాని లోపలి కాగితం కూడా చెత్తలోకి పోయే ప్రమాదం ఉంది. పాత యజమాని అతికించుకున్న బుక్‌ప్లేట్ (పుస్తకం తనదని చెప్పే చీటీ), సంతకం, ఎప్పుడో మూతపడిన లైబ్రరీ స్టాంపు ఉండేది ఆ కాగితం మీదే. స్కానింగ్‌లోనూ చాలాసార్లు అట్టలు వదిలేసి నేరుగా లోపల పుస్తకం పేరు అచ్చైన పేజీతో మొదలుపెడుతున్నారు. ఈ పద్ధతి మారాలి.

బుక్‌ప్లేట్ అలంకారం కోసం అతికించిన బొమ్మ కాదు, ఆ పుస్తకం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే సాక్ష్యం. జర్మనీలో 1480 ప్రాంతంలో హిల్‌ప్రాండ్ బ్రాండెన్‌బర్గ్ అనే మతాధికారి తన పుస్తకాలను బుక్స్‌హైమ్ మఠానికి ఇచ్చాడు. వాటిలో అతికించిన చీటీ మీద డాలు పట్టుకున్న దేవదూత ఉంటుంది. ఇప్పటికి తెలిసిన అతి పాత బుక్‌ప్లేట్లలో అదొకటి. ఆ మఠం గ్రంథాలయాన్ని 1883లో వేలం వేశారు, పుస్తకాలు దేశదేశాలకు చెదిరిపోయాయి. ఈనాటికీ వాటిని గుర్తుపట్టగలుగుతున్నారంటే ఆ చీటీ పుణ్యమే.

అంతకంటే బరువైన ఉదాహరణ రెండో ప్రపంచ యుద్ధానిది. నాజీలు యూదుల నుంచి, ఇతరుల నుంచి దోచుకున్న లక్షలాది పుస్తకాలను 1946లో జర్మనీలోని ఆఫెన్‌బాఖ్‌లో పోగుచేసి, సొంతదారులకు పంపించారు. హీబ్రూ అక్షరం రాని పనివాళ్లు కూడా స్టాంపుల ఫోటోలు చూసుకుంటూ పుస్తకాలు వేరు చేశారు. బెర్లిన్ గ్రంథాలయాల్లో మిగిలిపోయిన అలాంటి పుస్తకాలను సంతకాలు, బుక్‌ప్లేట్ల ఆధారంగా వారసులకు ఇప్పటికీ అప్పగిస్తున్నారు. హత్యకు గురైన మనిషి పేరు ఆ ఇంట్లోవాళ్లకు ఒక పుస్తకంలోనే మిగిలి ఉండొచ్చు. దాన్ని మనమే చింపి పారేస్తే ఎంత అన్యాయం!

దొంగతనాల సంగతీ ఉంది. అరుదైన పుస్తకం ఎత్తుకెళ్లినవాడు ముందు చేసేది స్టాంపు చెరపడమే. ఆ గుర్తు ఫోటో గ్రంథాలయం దగ్గర లేకపోతే పుస్తకం తమదని నిరూపించుకోవడం కష్టం.

అందుకే అట్టలు, లోపలి కాగితాలతో సహా స్కాన్ చేయాలి. పాత యజమానుల పేర్లు, పెన్సిల్‌తో రాసుకున్న మామూలు పాఠకుడి పేరైనా సరే, కేటలాగ్‌లో వెతికితే దొరకాలి. కొత్త బైండింగ్ తప్పనిసరైతే పాత కాగితాన్ని అందులోనే కలిపి కుట్టించాలి. పుస్తకాన్ని జాబితా నుంచి తొలగించేటప్పుడు రద్దు ముద్రను పాత గుర్తు మీద కొట్టకుండా పక్కన వేసి, తేదీ రాయాలి.

— ఒక గ్రంథాలయ పాఠకుడు