అంగన్‌వాడీ యాప్‌ల పనితీరుపై పరిశోధన జరగాలి

సంపాదకులకు నమస్కారం.

అంగన్‌వాడీల్లో ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. 2021 మార్చిలో వచ్చిన, పిల్లల బరువులూ ఎత్తులూ నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లోనే ఇదీ జరగాలి. సరుకు పక్కదారి పట్టకూడదన్న ఉద్దేశం సరైనదే. నా బాధల్లా, ఆ యాప్ టీచరు రోజంతటినీ ఎలా మార్చేస్తోందో పట్టించుకోకపోవడమే.

బరువులు తీసే రోజు ఏదైనా కేంద్రానికి వెళ్లి చూడండి. ఏడాది నిండని బిడ్డ తూకం మీద ఏడుస్తూ కాళ్లు తన్నుకుంటుంటే అంకె నిలవదు. పొడవు కొలిచేటప్పుడు మోకాళ్లు కాస్త వంగినా చాలు, హద్దు దగ్గరున్న బిడ్డ ఎదుగుదల లోపం లెక్కలోకి పోతుంది. అందుకే ఈ పని నిదానంగా, తల్లి సాయంతో చేయాలి. అదే సమయంలో గుమ్మం దగ్గర ఇంకో తల్లి బాలామృతం కోసం నిలబడి ఉంటుంది. ఆధార్‌కు లింకైన నంబరు భర్తది, ఆయనేమో హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు. యాప్ అడిగే ఓటీపీ కోసం ఆయనకు ఫోన్ చేయాలి. సిగ్నల్ పోతే మళ్లీ మొదటికి. ఈ హడావుడిలో కొలత తప్పితే, పైనున్న అధికారులు చూసేది ఆ తప్పుడు అంకెనే.

ఇంగ్లండ్ ఈ అనుభవం ఎప్పుడో చవిచూసింది. పిల్లల రక్షణ చూసే సామాజిక కార్యకర్తలకు అక్కడ ‘ఇంటిగ్రేటెడ్ చిల్డ్రన్స్ సిస్టమ్’ అనే కంప్యూటర్ వ్యవస్థ తెచ్చారు. స్యూ వైట్, డేవిడ్ వాస్టెల్ తదితర పరిశోధకులు ఆ కార్యకర్తల ఆఫీసుల్లోనే కూర్చుని దాని తీరు గమనించారు. బిడ్డ పరిస్థితిపై ప్రాథమిక అంచనా ఏడు పనిదినాల్లో ముగించాలన్న గడువు తప్పకుండా ఉండేందుకు సిబ్బంది అడ్డదారులు వెతుక్కోవాల్సి వస్తోందని బయటపెట్టారు. 2011లో ప్రొఫెసర్ ఐలీన్ మన్రో ఇచ్చిన నివేదిక కూడా ఇలాంటి నిబంధనలు తగ్గించి, పిల్లలతో గడిపే సమయం పెంచమంది.

మన దగ్గర హైదరాబాద్‌లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎంఎస్‌డబ్ల్యూ (సామాజిక సేవలో పీజీ) విద్యార్థులు క్షేత్ర పనికి ఎటూ ఊళ్లకు వెళ్తూనే ఉంటారు. వీరితో రెండు రాష్ట్రాల్లోనూ, ముఖ్యంగా ఏజెన్సీ మండలాల్లో, అధ్యయనం చేయించాలి. ఫోన్‌కు ఎంత సమయం పోతోంది, ఎందరు తల్లులు ఖాళీ చేతులతో తిరిగి వెళ్తున్నారు, తీవ్ర పోషకాహార లోపం ఉందని యాప్ చూపిన బిడ్డ పోషకాహార పునరావాస కేంద్రం దాకా నిజంగా చేరుతోందా అన్నవి తేల్చాలి. ఆ ఫలితాలు తెలుగులో టీచర్ల ముందు కూడా పెట్టాలి.

అప్పటిదాకా ముఖం సరిపోలలేదని ఏ తల్లినీ వెనక్కి పంపకుండా, రిజిస్టర్లో సంతకం తీసుకుని సరుకు ఇచ్చేలా జిల్లాలకు లిఖితపూర్వక ఆదేశాలు పంపాలని మహిళా శిశు సంక్షేమ శాఖను కోరుతున్నాను.

- విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్, నల్గొండ జిల్లా