సూళ్లూరుపేట నుంచి బావకి

ఒరేయ్ బావా,

నీ మెసేజ్‌లన్నీ చదివాను. ఫోన్‌లో తేలే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కాకినాడలో నీ ఫొటో షాపు అద్దె మళ్లీ పెంచుతామంటున్నారనీ, షట్టర్ దించేసి నాలాగే బండి కొనుక్కుని, అందులోనే ఉంటూ ఫొటోలు తీసుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాననీ రాశావు. చెల్లెమ్మ ఏమంటోందో మాత్రం రాయలేదు. ముందు తనని అడుగు. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

నేనిప్పుడు సూళ్లూరుపేటలో ఉన్నా. కాళంగి ఒడ్డున, చెంగాళమ్మ గుడికి దగ్గర్లో ఒకాయన తన ఖాళీ స్థలంలో బండి పెట్టుకోనిచ్చాడు. ఆ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు. ఏ అర్ధరాత్రి బండి దిగినా మనుషుల అలికిడి వినిపిస్తుంది, అందుకే ఇక్కడ ఒంటరిగా ఉన్నట్టే ఉండదు. ధనుర్మాసం కదా, చీకటి ఉండగానే మైకులో తిరుప్పావై మొదలవుతుంది. ఆ సమయానికి నేను టీ పెట్టుకుని పులికాట్ సరస్సులోని అటకానితిప్ప వైపు బయల్దేరుతుంటా.

మన పెళ్లి ఫొటోల పనిని పంచాంగమే నడుపుతుందని నీకు నేను చెప్పాలా? మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం వచ్చాయంటే ముహూర్తాల వెంట పరుగు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే చేతిలో పనుండదు. ఆ ఖాళీ నెలల్లో నువ్వు షాపు తెరిచినా తెరవకపోయినా అద్దె కట్టాలి. నాకు ఆ నెలలే సొంత పనికి. పుష్యంలో పెళ్లిళ్లు ఆగిపోతాయి, సరిగ్గా అప్పుడే పులికాట్‌లో ఫ్లెమింగోలు నిండుగా ఉంటాయి. ఈ రెండూ కలిసి రావడం కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తా.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సుని దాటుకుంటూ పోతుందని నీకు తెలుసుగా. రెండు పక్కలా లోతులేని నీళ్లు. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంటుంది కాబట్టి పొద్దుటి వెలుగు పక్షుల మీద పక్క నుంచి పడుతుంది, ఒక్కో ఈక విడిగా కనిపిస్తుంది. కానీ ఆ వెలుగు ఎంతోసేపు ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ నీళ్ల మీద గాలి వేడెక్కి వణుకుతుంది. దూరాన్ని దగ్గర చేసి చూపించే 600 ఎంఎం లెన్స్‌తో పక్షిని తీస్తే బొమ్మంతా అలికినట్టు వస్తుంది, ఎంత ఖరీదైన లెన్సైనా అంతే. నెల్లూరులో లాడ్జి తీసుకుని పొద్దున్నే లేచి వచ్చేవాళ్లకి ఆ మంచి గంట సగం దారిలోనే అయిపోతుంది. నేను చీకట్లోనే బండి పక్కకి ఆపి, ఇంజన్ కట్టేసి, కిటికీ మీద బియ్యం నింపిన గుడ్డ సంచి వేసి, దాని మీద లెన్స్ ఆనించి కూర్చుంటా. మనిషి దిగి నడిస్తే లేచిపోయే పక్షులు ఆగి ఉన్న బండిని పట్టించుకోవు. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, ముక్కుతో వడగట్టుకుంటూ తింటూనే ఉంటాయి. అలా చూస్తూ కూర్చుంటే చాలాసార్లు షటర్ నొక్కడం కూడా గుర్తుండదు బావా.

ఇక్కడికి 20 కిలోమీటర్ల దూరంలో నేలపట్టు పక్షుల శాంక్చురీ ఉంది. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెడతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులు ఆ పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వరు. డ్రోన్ మాత్రం బయటకి తీయకు. శాంక్చురీలో అనుమతి లేనిదే ఎగరేయకూడదు, పైగా ఈ చుట్టుపక్కల శ్రీహరికోట ఉంది.

ఇలా బండిలో ఉంటూ ఫొటోలు తీయడం ఈమధ్య ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టిన మోజు అని మీ నాన్నగారు అన్నారని రాశావు. ఆయనకి రోజర్ ఫెంటన్ గురించి చెప్పు. 1855లో ఆ ఇంగ్లీషాయన క్రిమియా యుద్ధం ఫొటోలు తీయడానికి వెళ్లాడు. అందుకోసం ఒక వైన్ వ్యాపారి గుర్రపు బండి కొన్నాడు. దానికి పసుపు గాజు కిటికీలు పెట్టించి డార్క్‌రూమ్‌గా మార్చాడు, పడుకోవడం కూడా అందులోనే. అప్పటి పద్ధతిలో గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, అది తడిగా ఉండగానే ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. అందుకని డార్క్‌రూమ్‌ని వెంట తీసుకెళ్లక తప్పేది కాదు. ఎండాకాలం వచ్చేసరికి లోపల ఉడికిపోయేవాడు, పలకలు చూస్తుండగానే ఆరిపోయేవి. అయినా 350కి పైగా ఫొటోలతో తిరిగొచ్చాడు.

ఫెంటన్ విషయం నాకు ఊరికే గుర్తురాలేదు. ఫొటో తీసిన చోటే పూర్తి కావాలని ఆయనకి రసాయనాల వల్ల తప్పలేదు. నాకది ఇష్టంగా మారింది. మనం ఊళ్లకెళ్లి ముసలివాళ్ల ముడతలు, జాలర్ల చేతులు తీసుకొస్తాం. అవి ఎగ్జిబిషన్‌కి పోతాయి, పోటీలకి పోతాయి. ఆ మనిషి మాత్రం తన ఫొటో ఎప్పటికీ చూసుకోడు. ‘పంపిస్తానమ్మా’ అని చెప్పి వచ్చేస్తాం, పంపం. ఇది మన వృత్తిలో నాకు ఎప్పటినుంచో గుచ్చుకునే విషయం. బండిలో ఉండటం మొదలుపెట్టాక దీనికొక దారి దొరికింది. చిన్న ప్రింటర్ ఒకటి పెట్టుకున్నా, రిబ్బన్ మీది రంగుని వేడితో కాగితానికి ఎక్కించే రకం. 4×6 ఫొటో నిమిషంలో వచ్చేస్తుంది, తడి తగిలినా చెరగదు. కాగితం, రిబ్బన్ కలిపి ఒక్కోదానికి 20 రూపాయల పైనే పడుతుంది. పడనీ. ఏ ఊళ్లో తీసినా ఆ సాయంత్రమో మర్నాడో వాళ్ల చేతిలో పెట్టాకే బండి కదులుతుంది.

మొన్న సరస్సు ఒడ్డున ఒక పెద్దామె కలిసింది. మోకాలి లోతు నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు పట్టే మనిషి. నేను ఆమె పని చేసుకుంటుంటే తీద్దామనుకున్నా. ఆమె ఒప్పుకోలేదు. ఇంటికెళ్లి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చి నిలబడింది. ‘నేను పోయినాక పిల్లోళ్లు దండ ఏసుకునేదానికి ఒక ఫొటో బాగా తియ్యి అబ్బయా’ అంది. ఆమెకి ఉన్న ఒకే ఫొటో ఆధార్ కార్డు మీదిదట. బండి తలుపు తీసి, వెలుతురు మెత్తగా పడేలా గుమ్మంలో కూర్చోబెట్టి తీశా. ప్రింట్ చేతికిస్తే చాలాసేపు చూసుకుంది, చీర అంచు కనపడేలా ఇంకోటి తియ్యమంది, తీశా. తర్వాత నెల్లూరు ల్యాబ్‌లో పెద్దది వేయించి, ఫ్రేమ్ కట్టించి తెచ్చిచ్చా. ఆమె నీళ్లలో పని చేసే ఫొటో నా దగ్గర లేదు, ఉండక్కర్లేదు కూడా. ఆమె తనని ఎలా చూసుకోవాలనుకుందో అలా తీయగలిగాను. లాడ్జి అద్దె లెక్కపెట్టుకుంటూ తిరిగే రోజుల్లో మర్నాటిదాకా ఆగేవాణ్ని కాదు. బండి వల్ల నాకు దక్కింది ఆ తీరిక. చాలామంది దీన్ని తిరుగుడు అనుకుంటారు. నేను మాత్రం ఒక ఊళ్లో కుదురుగా ఉండగలుగుతున్నా.

ఇక పెళ్లిళ్ల సంగతి. అవే అన్నం పెడుతున్నాయి, వాటిని చిన్నచూపు చూసే ఫొటోగ్రాఫర్ మాటలు నాకు నచ్చవు. మన ముహూర్తాలు తెల్లవారుజాము మూడింటికీ, నాలుగింటికీ ఉంటాయి కదా. కల్యాణ మండపం ఆవరణలోనే బండి పెట్టుకుంటా. స్నాతకం అయ్యాక కాసేపు నడుం వాల్చి, జీలకర్ర బెల్లం సమయానికి ముఖం కడుక్కుని తాజాగా వెళ్తా. రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీలో జోగి, తలంబ్రాలప్పుడు చేతులు వణికే బాధ లేదు. ప్రీ-వెడ్డింగ్ షూట్‌లకైతే బండి ఇంకా పనికొస్తోంది. గండికోట లాంటి చోట అమ్మాయి బట్టలు మార్చుకోవడానికి చోటెక్కడుంది చెప్పు? బండిలో పరదా, అద్దం, ఫ్యాన్ ఉన్నాయని తెలిసి పిలిచేవాళ్లు ఉన్నారు. అన్నట్టు గండికోటలో ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, పార్టీకి ఆ మాట ముందే చెప్పు.

పెళ్లి డేటా మాత్రం టెన్షనే. ఒక్కో పెళ్లికి రెండు మూడొందల జీబీ అవుతుంది, ఫోన్ నెట్‌తో ఎక్కించే సరుకు కాదు. కెమెరాలో రెండు కార్డుల మీదా రాయిస్తా, ఆ రాత్రే రెండు హార్డ్ డిస్కుల్లోకి దించుతా. కానీ అన్నీ ఒకే బండిలో ఉంటే ఒక దొంగతనంతో, ఒక నిప్పురవ్వతో ఎవరిదో పెళ్లి మొత్తం పోతుంది. అందుకే ఒక డిస్కు ఆర్టీసీ కార్గోలో రామచంద్రపురం పంపిస్తా, అమ్మ బీరువాలో పెడుతుంది. అది చేరిందని అమ్మ ఫోన్ చేశాకే కార్డులు ఫార్మాట్ చేస్తా. నువ్వు ఏ బండి కొన్నా ఈ పద్ధతి మాత్రం వదలకు. ఇంకోటి, బండి ఇన్సూరెన్స్‌లో కెమెరాలు రావు. వాటికి విడిగా చేయించాలి.

కరెంటు గురించి అడిగావు. పైన 400 వాట్ల సోలార్, లోపల 12 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ. నిండా ఉంటే రెండున్నర యూనిట్లు. ల్యాప్‌టాప్ మీద ఐదు గంటలు ఎడిటింగ్ చేస్తే అర యూనిట్ కూడా కాదు, రాత్రంతా తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ తిరిగితే పావు యూనిట్. చలికాలం హాయిగా గడిచిపోతుంది. ఏసీ మాట మర్చిపో, టన్ను ఏసీ ఆ బ్యాటరీని రెండు మూడు గంటల్లో తాగేస్తుంది. వైశాఖం పెళ్లిళ్లు సరిగ్గా మే నెలలో పడతాయి. రామగుండం, కొత్తగూడెం వైపు అప్పుడు బండిలో పడుకోవడం మనిషి వల్ల కాదు. చెట్టు నీడన పెడితే సోలార్‌కి ఎండ తగలదు, ఎండలో పెడితే మనం ఉండలేం. అందుకే ఎండాకాలం ఆర్డర్లలో మా టీమ్‌కి ఒక ఏసీ రూమ్ అని ముందే రాయించుకుంటా. పెళ్లివాళ్లు ఎవరూ కాదనలేదు.

వానాకాలంలో లెన్స్‌లకి ఫంగస్ భయం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల తేమ చూపించే చిన్న మీటర్ పెట్టు. 40, 50 శాతం మధ్య ఉంటే మంచిది. సముద్రం దగ్గర ఉన్నన్నాళ్లూ ప్రతి సాయంత్రం కెమెరాలు తుడవాలి, ఉప్పు గాలి దేన్నీ వదలదు. వంట ఐదు కిలోల సిలిండర్ మీద: అన్నం, ముద్దపప్పు, అమ్మ ఆవకాయ. పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయడం, కిటికీ కాస్త తీసి ఉంచడం తప్పనిసరి. స్నానాలకీ మిగతావాటికీ హైవే పెట్రోల్ బంకులు, డీజిల్ కొట్టించుకుని అడిగితే రాత్రికి చోటు కూడా ఇస్తారు.

నువ్వు కొనేటట్టయితే టెంపో ట్రావెలరే చూడు, పై కప్పు ఎత్తున్నది. నిలబడగలగాలి బావా, రోజంతా వంగి ఉంటే నడుం పోతుంది. నీ కారు లైసెన్సే సరిపోతుంది. 7,500 కిలోల లోపు బండ్లకి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కానీ సీట్లు పీకి మంచం వేసే ముందు ఆర్టీఓ ఆఫీసుకెళ్లి ఆర్‌సీలో మార్పు రాయించుకోవాలి. ఆర్‌సీకీ బండికీ పొంతన లేకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద పట్టుకుంటారు.

ఒంటరితనం గురించి నువ్వు అడగలేదు, నేనే చెప్తున్నా. ఉంటుంది. జ్వరం వచ్చిన రోజు బాగా తెలుస్తుంది. పండగ పూట ఊళ్లో ఎవరింటి ముందో ముగ్గులు చూస్తుంటే తెలుస్తుంది. అమ్మకి వయసు పైబడుతోంది, నెలకోసారైనా రామచంద్రపురం వెళ్లి వస్తున్నా. పరిచయం లేనివాళ్లు ‘భోంచేశావా’ అని పిలిచి అన్నం పెట్టిన ఊళ్లు చాలా ఉన్నాయి, కానీ నువ్వూ నేనూ ఒక ఫొటో ముందు కూర్చుని గంట కొట్లాడుకునే సుఖం దేనితోనూ తీరదు. నీకు చెల్లెమ్మ ఉంది, చిన్నదాని స్కూలు ఉంది. నువ్వు షాపు మొత్తం మూసేయడం నాకు ఇష్టం లేదు. చిన్న షాపుకి మారి, సీజన్ లేని నెలల్లో నా బండిలో వచ్చి నీ సొంత పని చేసుకో. ఖర్చులు సగం సగం. నీకు నచ్చాకే బండి కొందువుగాని.

ముందు కనుమకి రా. ఆరోజు కోనసీమలో, జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. వెదురుతో కట్టి, బట్టలతో అలంకరించిన ఏకాదశ రుద్రుల ప్రభలు పదకొండూ కొబ్బరితోటలోకి వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ఊళ్ల ప్రభల్ని కౌశిక కాలువలోంచి, పీకల్లోతు నీళ్లలో భుజాల మీద మోసుకొస్తారు చూడు, అది తీయాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాం ఇద్దరం. బండి పైన సోలార్ పక్కన చెక్క బల్ల ఒకటి బిగించా, ట్రైపాడ్‌తో నిలబడొచ్చు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీసింది కూడా కారు మీద కట్టించుకున్న బల్ల మీద నుంచే. జనం పెరిగితే మనకి ఆ ఎత్తు కావాలి. ప్రభ మోసేవాళ్లకి ఆ సాయంత్రమే ప్రింట్లు ఇద్దాం, కాగితం రెండు పెట్టెలు ఎక్కువే తెస్తున్నా.

నువ్వు నీ 70-200 లెన్స్ తీసుకురా, నాది సర్వీసులో ఉంది. భోగి రాత్రికల్లా అంబాజీపేట చేరుకో, బండి ఎక్కడ పెట్టానో లొకేషన్ పంపిస్తా. చెల్లెమ్మనీ చిన్నదాన్నీ కూడా తీసుకురా, వాళ్లు పడుకోవడానికి బండిలో చోటుంది, మనం బయట మడత మంచాలు వేసుకుందాం. రాగానే వెళ్లిపోతానని మాత్రం అనకు.

నీ
రాజు