పెదవులు ఆమెవి, గొంతు ఇంకొకరిది

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే ఏమనాలో తోచలేదు, అందుకే రాస్తున్నా. నీ వేషానికి ఎవరో అమ్మాయితో డబ్బింగ్ చెప్పించారని తెలిశాక నాకూ అన్నం దిగలేదు. త్యాగరాయ గానసభలో మైకు పోయినా చివరి వరుసదాకా వినిపించిన గొంతు కదే నీది! పైగా స్లాంగ్ సెట్ కాలేదన్నారట. చిక్కడపల్లిలో పెరిగిన పిల్ల హైదరాబాద్ కథలో మాట్లాడితే సెట్ కాకపోవడం ఏంటో.

రాత్రి నిద్రపట్టక, నీకు పిచ్చి ఇష్టమైన 'రాకీ హారర్' అనే ఇంగ్లిష్ పాటల సినిమాలో పనిమనిషి వేషం వేసిందే, ఆ పాట్రీషియా క్విన్ గురించి చదువుతూ కూర్చున్నా. ఆవిడది బెల్‌ఫాస్ట్. 1973లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ మేడమీది చిన్న హాల్లో, 60 చిల్లర సీట్ల ముందు అది ముందు నాటకంగానే మొదలైంది. మొదటి పాట ఆవిడదే, సినిమా హాల్లో సీట్లు చూపించే అమ్మాయిగా వచ్చి పాడేది. 1975లో సినిమాగా వచ్చేసరికి ఆ పాట నాటకం రాసిన రిచర్డ్ ఓబ్రయన్ పాడేశాడు, ఈవిడకి మిగిలింది పెదవులు! నల్లటి తెర మీద ఎర్రటి పెదవులు, మొహం కూడా ఉండదు, మగగొంతుకి కదులుతుంటాయి. ఫ్రేములోంచి జారకుండా తల బిగించి పెట్టారట, పాపం. ఆ ముక్క నాలుగుసార్లు చూశా, ఒక్క మాట దగ్గర కూడా పెదవి తప్పలేదే.

సినిమా ముందు ఆడలేదు. 1976లో న్యూయార్క్‌లో అర్ధరాత్రి షోలు మొదలయ్యాక జనం వేషాలేసుకుని వచ్చి, పెళ్లి సీన్లో బియ్యం చల్లడం మొదలెట్టారు, మన ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పేపర్లు చించి ఎగరేసే బ్యాచ్‌లాగే. ఇన్నేళ్లయినా ఆ సినిమా అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ పెదవులే. అలాగని పాట పోయిన బాధ తీరుతుందని నేననను, నాకైతే తీరేది కాదు. ఆవిడ మాత్రం ఆగలేదు, 1976లోనే బీబీసీ టీవీ సీరియల్ 'ఐ, క్లాడియస్'లో లివిల్లా వేషం వేసింది, సొంత గొంతుతో.

నువ్వు శనివారం రిహార్సల్ మానకు. ఇకమీదట అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు, డబ్బింగ్ నువ్వే చెప్పుకుంటావని ఒక లైను రాయించు. మొహమాటం అడ్డొస్తే ఫోన్ నాకివ్వు, నేను మాట్లాడతా. మీ నాన్నకి మాత్రం చెప్పకు, ఆయన మాట్లాడితే ఉన్న వేషం కూడా పోతుంది.

అమ్మ