వంట ఎవరు చేస్తారని అడిగిన సిస్టర్‌గారికి

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఇక్కడ మా అన్నదమ్ములిద్దరికీ ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే షాపు ఉంది. బరంపురంలో ఒక ఆసుపత్రి మానసిక రోగుల వార్డులో పనిచేసే సిస్టర్‌గారు వచ్చే నెల వేరే వార్డుకు మారిపోతున్నారని తెలిసింది. ఆలోపు ఆవిడకు నలుగురిలో ఒక నమస్కారం పెట్టుకోవాలని ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు. "నేనొక్కదాన్నేనా, ముగ్గురం డ్యూటీలు మారుతూ చూశాం" అన్నారు. అయితే ఈ నమస్కారం ఆ ముగ్గురికీ.

తమ్ముడి సంగతి ఇలా బయట పెట్టొచ్చా అని నేను తటపటాయించాను. వాడే చదివి, రెండు చోట్ల దిద్ది, "పెట్టేయ్ అన్నయ్యా" అన్నాడు.

వాడికి బైపోలార్ జబ్బు, అంటే మనసు కొన్నాళ్ళు మితిమీరిన హుషారులోకి, కొన్నాళ్ళు దిగులులోకి పోయే జబ్బు. నాలుగేళ్ళ కింద మొదలైంది. అప్పుడు మాకు ఆ పేరే తెలీదు. ఐదు రాత్రులు కన్ను మూయలేదు. నలభై సీలింగ్ ఫ్యాన్లు అప్పు మీద తెప్పించి, వీధిలో అందరికీ ఉచితంగా బిగిస్తానని నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరాడు. కొందరు గాలి సోకిందన్నారు, కొందరు పెళ్ళి చేస్తే పోతుందన్నారు. చివరికి ఒక చోట డాక్టరుకు చూపించాం. ఎక్కడన్నది ఇప్పుడు అనవసరం. ఇంజెక్షన్ చేశారు, మాత్రలు రాశారు, వెళ్ళమన్నారు. మందు ఎందుకో, వేసుకుంటే ఏమవుతుందో ఒక్క మాట చెప్పలేదు. మేమూ అడగలేదు.

రెండో రోజు రాత్రి వాడి మెడ ఒక పక్కకు మెలితిరిగిపోయింది. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. నోరు తెరవలేకపోతున్నాడు. అమ్మ గుండెలు బాదుకుంది. పక్కింటాయన వేపమండలు తెచ్చాడు. తెల్లారేసరికి కొంచెం సర్దుకుందిగానీ, మందులన్నీ తీసుకెళ్ళి మహేంద్రతనయ ఏట్లో పారేశాం. రెండు వారాల్లో జబ్బు రెట్టింపై తిరిగి వచ్చింది. అప్పుడు బరంపురం తీసుకెళ్ళాం.

సిస్టర్‌గారిని మొదటిసారి చూసింది అక్కడే. ఒడియా ఆవిడ. బరంపురంలో పెరిగినవాళ్ళలో చాలామందికిలాగే తెలుగు వచ్చు, కాస్త విరుచుకుంటూ మాట్లాడతారు. నన్ను భాయినా అనీ, అమ్మను మావుసీ అనీ పిలుస్తారు. మెడ సంగతి చెప్పగానే ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. "హాలోపెరిడాల్ ఇచ్చి ఉంటారు. మొదటి కొద్ది రోజుల్లో కొందరికి, ముఖ్యంగా కుర్రవాళ్ళకి, కండరాలు అలా పట్టేస్తాయి. దానికి విరుగుడు సూది ఉంది. ఎక్కువమందికి అరగంటలో వదులుతుంది. గొంతు పట్టేస్తే మాత్రం ప్రమాదం, అందుకే ఇంట్లో కూర్చోకుండా వెంటనే తేవాలి" అన్నారు. అంతే. ఆ నాలుగు ముక్కలు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే మందులు ఏట్లో కలిసేవి కావు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను, నా మీద కూడా ఉంది.

ఆ వార్డులో పద్దెనిమిది రోజులున్నాం. డాక్టర్లు బాగా చూశారు, వాళ్ళకూ ఎంతో రుణపడి ఉన్నాం. కానీ రోజంతా మా కళ్ళెదుట ఉన్నది సిస్టర్లు. మాత్ర చేతిలో పెట్టి వెళ్ళిపోయేవారు కాదు. మింగేదాకా ఉండి, దాని పేరేమిటో, ఎందుకో వాడి చేతే చెప్పించేవారు. తప్పు చెబితే నవ్వేసి మళ్ళీ చెప్పేవారు. పక్క మంచం ఆయనకు క్లోజపిన్ ఇస్తున్నారు. జ్వరంగానీ గొంతు నొప్పిగానీ వస్తే మామూలు జలుబులే అనుకుని ఊరుకోవద్దని, ఆ మందుతో తెల్ల రక్తకణాలు పడిపోవచ్చని, వెంటనే రక్తపరీక్ష చేయించాలని ఆయన భార్యకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మూడో రోజుకు నాకూ కంఠతా వచ్చేసింది.

ఒకరోజు ఆర్.ఉదయగిరి వైపు కొండల నుంచి ఒక సవర అమ్మాయిని తెచ్చారు. భర్తకు ఒడియా అంతంతమాత్రం. సిస్టర్‌గారు ఆసుపత్రంతా వెతికి సవర భాష వచ్చిన ఒక అటెండరును పట్టుకొచ్చి, ఆయన పక్కన నిలబడి మాటమాటా చెప్పించారు. మా ఊళ్ళో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని వాళ్ళ భాషకు నిఘంటువు కట్టారని చిన్నప్పుడు బళ్ళో విన్నాను. జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని ఆయన ఎందుకు అంత పట్టుబట్టారో నాకు ఆ రోజు వార్డులో కొంచెం అర్థమైంది.

తమ్ముడికి లిథియం మొదలుపెట్టారు, మనసు అటూ ఇటూ ఊగిపోకుండా నిలిపే మందు. రాత్రికి ఇంకో మాత్ర, ఓలాంజపిన్. దానికి ఆకలి పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, షుగరు చూసుకుంటూ ఉండాలన్నారు. అయితే వాళ్ళ దిగులంతా లిథియం మీదే. మేలు చేసే మోతాదుకీ హాని చేసే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువట. రక్తంలో 0.6 నుంచి 1 దాకా ఉంటే మంచిది, 1.5 దాటితే విషం అన్నారు. పరీక్షకు రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారి. ఒక మాత్ర మరిచిపోతే తర్వాతసారి రెండు కలిపి వేసుకోకూడదు. వేళ్ళ చివర సన్నగా వణికితే కంగారు పడక్కర్లేదుగానీ చెప్పాలి. సోల్డరింగ్ పని చేసేవాడికి అది ఎంత ఇబ్బందో ఆవిడకు తెలుసు, డాక్టరుగారితో మాట్లాడి మోతాదు సర్దించారు.

ఇదంతా నేను ఒక కాగితం మీద రాసుకున్నాను. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు రోజూ తినేంతే తినాలి, తగ్గించకూడదు, పెంచకూడదు అని కూడా రాశాను. ఇంటికొచ్చి కాగితం ఫ్రిజ్ తలుపుకు అతికించాను. అమ్మకు చదువు రాదు. ఉప్పు సంగతి అమ్మకు చెప్పాలని నాకు తట్టలేదు. జరిగినదానికి మూలం అదీ.

మూడేళ్ళు బాగానే గడిచింది. పోయిన వేసవిలో అమ్మ వాడి పేరున ఒక మొక్కు మొక్కుకుంది. వైశాఖమాసమంతా తనూ వాడూ ఉప్పు లేని కూడు తినాలని. వాడికి కాగితంలో మాట లీలగా గుర్తుంది, కానీ అమ్మ మాట కాదనలేకపోయాడు. ఆ ఎండల్లో నిచ్చెనలెక్కి చెమటలు కక్కుతూ పని. దానికి తోడు నడుం నొప్పి. మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ మాత్రలు తెచ్చుకుని పది రోజులు వాడాడు. ఇంకేం మందులు వాడుతున్నావని షాపతను అడగలేదు, వీడూ చెప్పలేదు. చివర రెండు రోజులు విరేచనాలు. ఎండదెబ్బ అనుకున్నాం.

ఒకరోజు సాయంత్రం బస్టాండు దగ్గర నుంచి ఎవరో ఫోను చేశారు, "మీ తమ్ముడు తాగి తూలుతున్నాడు, వచ్చి తీసుకుపో" అని. వాడు జన్మలో ముట్టుకోలేదు. అయినా నేనూ నమ్మేశాను. వెళ్ళి చూస్తే కాలు నిలవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది, చేతులు రెండూ కొట్టుకుంటున్నాయి. అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. (ఈ వాక్యం తీసేద్దామనుకున్నాను. వాడు ఉంచమన్నాడు.)

ఇంటికి తెచ్చాక మా ఆవిడ ఫ్రిజ్ మీద కాగితం చూసింది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట తడబడటం, ఇందులో ఏది కనబడినా లిథియం ఆపి వెంటనే ఫోను చేయాలి అని నా రాతలోనే ఉంది. వార్డుకు ఫోను చేసింది. అదృష్టం, ఆవిడే ఎత్తారు. మూడే ప్రశ్నలు అడిగారు: విరేచనాలు ఎన్ని రోజులుగా, నొప్పి మాత్రలేమైనా వాడాడా, మాత్ర ఆఖరున ఎప్పుడు వేసుకున్నాడు. "రాత్రి మాత్ర వేయొద్దు. తెల్లారేదాకా ఆగొద్దు. ముందు మీ ఊరి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించండి, అక్కడి నుంచి 108లో ఇటు రండి. వాడిన మందులన్నీ సంచిలో వేసుకుని రండి" అన్నారు.

లిథియం 1.9 ఉంది. సెలైన్లు, గంటగంటకీ మూత్రం కొలత, రెండు పూటలా రక్తపరీక్ష. నాలుగో రోజుకు కాళ్ళు నిలిచాయి, మాట తేరింది. కిడ్నీలు దెబ్బతినలేదు. ఇంకో రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు చెప్పారు, ఇక్కడ రాయను.

మమ్మల్ని తిడతారనే అనుకున్నాం. సిస్టర్‌గారు స్టూలు లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నారు. "మావుసీ, ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని అడిగారు. అమ్మ తనేనంది. "పోయినసారి ఈ మాట నేను అడగలేదు. భాయినాకు చెప్పి ఊరుకున్నాను. అది నా పొరపాటు" అన్నారు. తప్పు నాదని నేను అనబోతే చేత్తో ఆపేశారు.

అమ్మ ఊరుకోలేదు. "ఉప్పు మానేస్తే ఏటవుతాదమ్మా? నాను నలబై ఏళ్ళబట్టి శనివారం ఉప్పు మానేస్తన్నాను, నాకేటయింది?" అంది. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. కిడ్నీకి ఉప్పూ ఈ మందూ ఒకేలా కనబడతాయట. ఒంట్లో ఉప్పు తగ్గితే, ఉన్నదాన్ని బయటకు పోనివ్వకుండా పట్టుకుంటుంది. ఆ పట్టులో మందు కూడా ఉండిపోతుంది. చెమట పట్టినా, విరేచనాలైనా అంతే. ఆ నడుం నొప్పి మాత్రలు కూడా కిడ్నీని మందు బయటకు పంపనివ్వవు. రోజూ వేసుకునే అదే మాత్ర, పోయే దారి లేక ఒంట్లో పేరుకుపోయింది. "మీ ఒంట్లో ఈ మందు లేదు మావుసీ, అందుకే మీకేం కాలేదు. మొక్కు మీరు తీర్చుకోండి, అబ్బాయి వంతు కూడా మీరే తీర్చండి" అన్నారు. అమ్మ కాసేపు ఆలోచించి, "అలగయితే దేవుడు ఒప్పుకుంటాడు" అంది. మందు గురించి అన్నాళ్ళలో అమ్మ ఒప్పుకున్న మొదటి మాట అది.

తర్వాత అమ్మ చేత అంతా మళ్ళీ చెప్పించారు. అమ్మకు గడియారం చూడటం రాదు కాబట్టి పొద్దుటి మాత్ర ఇడ్లీ తిన్నాక, రాత్రి మాత్ర అన్నం తిన్నాక అని గుర్తు పెట్టించారు. విరేచనాలు పట్టుకుంటే ఏం చేస్తావ్, ఒళ్ళు నొప్పులంటే ఏ మాత్ర ఇస్తావ్ అని ఎదురు ప్రశ్నలు. నొప్పికి పారాసిటమాల్, మిగతావి ఏవైనా ఫోను చేసి అడిగాకే. బీపీకి, మూత్రానికి ఇచ్చే మాత్రల్లో కొన్ని కూడా దీనితో పడవట, కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు లిథియం పేరు చెప్పాలి. అమ్మ ఇప్పుడు జ్వరానికి వెళ్ళినా డాక్టరు కూర్చోమనకముందే "మావోడు లితియం వాడతన్నాడు బాబూ" అంటోంది.

కాగితం అడుగున ఆవిడే 14416 అని రాశారు. రాత్రివేళ మనసు అదుపు తప్పి, వార్డు ఫోను దొరక్కపోతే చేయమని. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బులు పడవు. మందు వికటించినప్పుడు మాత్రం ఫోను కోసం చూడకుండా నేరుగా ఆసుపత్రికే రమ్మన్నారు.

తమ్ముడు ఈ మధ్య ఇంకో సంగతి చదివి చెప్పాడు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టంలో, రోగికి తన జబ్బేమిటో, ఇచ్చే మందు వల్ల ఏమేం ఇబ్బందులు రావచ్చో, తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఉందట. చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మొదట చూపించిన చోట మాకిది తెలీదు, తెలిస్తే అడిగేవాళ్ళమేమో. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి మందులు వాడుతుంటే మొహమాటపడకుండా అడగండి. పైన రాసినవి మావాడి మందులకు చెప్పినవి. మీ మందు వేరైతే జాగ్రత్తలూ వేరు, మీ సిస్టర్‌నో డాక్టరునో అడగాల్సిందే. బాగుంది కదా అని మీ అంతట మీరు మానేయొద్దు. ఆ ముచ్చట మేం ఏటి ఒడ్డున తీర్చుకున్నాం.

ఇప్పుడు వార్డులో ఎవరిని ఇంటికి పంపుతున్నా, వంట ఎవరు చేస్తారని ముందు అడుగుతున్నామని ఆ మధ్య సిస్టర్‌గారు ఫోనులో చెప్పారు. అమ్మకు చెబితే, "నా వల్లేనా?" అని ముసిముసిగా నవ్వుకుంది.

సిస్టర్‌గారూ, సోమవారం రక్తపరీక్షకు వస్తున్నాం. తమ్ముడు ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేసుకుని బరంపురంలోనే మా మేనత్త ఇంట్లో పడుకుంటాడు. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర. అమ్మా వస్తానంటోంది. మీ ముగ్గురికీ మూడు జాడీల ఆవకాయ కడుతోంది. మోయాల్సింది నేనే.